రెండు గంటలు

తాను తాడు లాగకుండానే గంట మోగింది. అదీ ఒకటి కాదు, రెండు. టింగ్, టింగ్.

కండక్టరు కళ్లు తెరిచాడు. ఒక గంట కొడితే బండి ఆగాలి, రెండు కొడితే కదలాలి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి అతని లోకం ఈ రెండు ముక్కల మీదే నడిచింది. ఆ గంట కొట్టే హక్కు బండిలో ఒక్కడికే ఉంటుంది. మరి ఇప్పుడు కొట్టిందెవరు? కొట్టేముందు మెట్ల వైపు చూశారా? దిగేవాళ్లు దిగారా? ఎక్కేవాళ్ల రెండో కాలు లోపలికి వచ్చిందా?

తాడు అందుకుందామని కుడిచెయ్యి పైకెత్తబోయాడు. చెయ్యి రాలేదు. మణికట్టుకు మెత్తటి పట్టీ చుట్టి, దాన్ని మంచం కమ్మీకి కట్టేశారు. పోనీ అరుద్దామంటే నోట్లో గొట్టం ఉంది. అది గొంతు దాటి లోపలికి వెళ్లింది. నాలుక కదిపితే ప్లాస్టిక్కే తగులుతోంది.

అది బస్సు కాదు, ఆస్పత్రిలో ఐసీయూ. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, ఊపిరి అందక అతన్ని అక్కడ చేర్చారు. మెషిన్ గాలి పంపిస్తుంటే అతని ఛాతీ లేచి పడుతోంది. ఆ సంగతి అతనికి ఒక్కోసారి తెలుస్తుంది, ఒక్కోసారి తెలియదు. మోగింది మంచం పక్కన స్టాండుకు బిగించిన మందు పంపు. సిరంజిలో మందు అయిపోవస్తే అది రెండుసార్లు మోగుతుంది. ఎవరూ రాకపోతే కాసేపాగి మళ్లీ రెండుసార్లు మోగుతుంది.

టింగ్, టింగ్.

ఆ మోత వింటే చాలు, మంచం కదిలినట్టుండేది. ఎదురు వరుసలో పడుకున్నవాళ్లంతా ప్రయాణికులైపోయేవాళ్లు. ఒక్కరికీ టికెట్ కొట్టలేదు. ఒక్కరూ ఎక్కడ దిగాలో చెప్పలేదు. పైన దీపాలు ఎప్పుడూ వెలుగుతూనే ఉండేవి కాబట్టి అది మొదటి ట్రిప్పో ఆఖరి ట్రిప్పో కూడా తెలిసేది కాదు. దాహంతో నోరు పిడచకట్టుకుపోయేది. మాటిమాటికీ ఎవరో ఒకరు వచ్చి దుప్పటి తీసేవాళ్లు, పక్కకు దొర్లించేవాళ్లు, సూది గుచ్చేవాళ్లు. అతని మీదుగా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు. సామాను దింపేవాళ్లు కూడా ఒక మాట చెప్పి మూట కదుపుతారని అనుకునేవాడు కండక్టరు.

"బాబాయ్, మళ్లీ చెయ్యి లాగుతున్నారు." నర్సు వచ్చి పంపు మీట నొక్కింది. మోత ఆగింది. "గొట్టం జోలికి వెళ్లొద్దని చెప్పానా? కట్లు నాకూ ఇష్టం లేదు. మీరు చెయ్యి కిందుంచితే ఇప్పుడే విప్పేస్తాను."

ఆమె మాటలో కోపం లేదు. వేలికి తడిగుడ్డ చుట్టి అతని పెదవులు తుడిచింది. మొదట ఆమె కట్టలేదు కూడా. గంట మోగినప్పుడు అతను చెయ్యి గాల్లోకి ఎత్తాడు. మెషిన్ నుంచి వచ్చే గొట్టం అతని తలమీదుగా వేలాడుతోంది. తాడు కోసం లేచిన వేళ్లు దాన్ని పట్టుకున్నాయి. గొట్టం ఊడి వచ్చుంటే ప్రాణం మీదికి వచ్చేది. చూసేవాళ్లకు రెండూ ఒకటే కదా. తాడు అతనికి తప్ప ఇంకెవరికీ కనపడదు.

గొట్టం కోసం కాదని చెప్పడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు. అదే అతని భయం.

ఒకసారి ఇలాగే వేరెవరో గంట కొట్టారు. ఒక స్టాపులో ముసలమ్మ ఎక్కుతోంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద. కండక్టరు బండి వెనక ఉన్నాడు. ఎవడో తుంటరి ప్రయాణికుడు సరదాకి తాడు రెండుసార్లు లాగాడు. డ్రైవరు గేరు వేశాడు. తాడు అందేంత దూరంలో లేడు కండక్టరు. "హోల్డాన్!" అని ఒక్క అరుపు అరిచాడు. బండి కుదుపుతో ఆగింది. ముసలమ్మ లోపలికి వచ్చి కూర్చుని, చెవి రుద్దుకుంటూ, "ఆ అరుపుకే పడిపోయేదాన్ని నాయనా" అంది. బండంతా నవ్వింది. డిపోలో అతనికి మైకు అని పేరు పడింది ఆ రోజే.

తాడు అందకపోతే గొంతు ఉంటుంది. ఇప్పుడు తాడూ లేదు, గొంతూ లేదు. ఎవరో ఆగకుండా రెండేసి గంటలు కొడుతున్నారు.

*

భార్యను లోపలికి పంపే వేళకు డాక్టరు కూడా వచ్చాడు. ఇద్దరూ మంచం కాళ్ల దగ్గర నిలబడ్డారు. కండక్టరుకు అప్పుడు బుర్ర తేటగానే ఉంది. కళ్లు మాత్రం మూసుకుని ఉన్నాడు.

"నెమ్ము తగ్గుతోందమ్మా, దాని గురించి దిగులు లేదు," అన్నాడు డాక్టరు. "గొట్టం తియ్యాలంటే ముందు మత్తుమందు తగ్గించాలి. మెషిన్ సాయం తగ్గించి సొంతంగా ఊపిరి తీసుకోగలరో లేదో చూడాలి. మత్తు తగ్గించినప్పుడల్లా ఈయన గింజుకుంటున్నారు. గుండె దడ పెరిగిపోతోంది. మళ్లీ మత్తు ఇవ్వాల్సి వస్తోంది."

"ఆయన అలాంటి మనిషి కాదండీ. పన్ను పీకుతుంటే కూడా కదల్లేదు."

"నోట్లో గొట్టం ఎక్కువ రోజులు ఉంచకూడదమ్మా. ఈసారీ కుదరకపోతే గొంతు ముందువైపు చిన్న రంధ్రం పెట్టి, గొట్టం అక్కడ వెయ్యాలి."

"మరి మాట?"

"అది ఉన్నన్నాళ్లూ మామూలుగా మాట రాదు. తీశాక చాలామందికి వస్తుంది. మునుపటిలా ఉంటుందా అంటే నేను మాట ఇవ్వలేను."

ఆమె చూపు భర్త నోట్లోని గొట్టం మీద పడింది. పెళ్లయిన కొత్తలో అతను ఉప్పందుకోమన్నా ఊరంతా వినపడేది. "ఇది ఇల్లండీ, బస్టాండు కాదు," అనేది. అతను నవ్వి, "వెనక సీటుకు వినపడాలిగా" అనేవాడు. పిల్లలు పుట్టారు, పెద్దయ్యారు, ఎవరి సంసారాలు వాళ్లకు ఏర్పడ్డాయి. ఆ మాట ఆమె అనడమూ మానలేదు, ఆ జవాబు అతను చెప్పడమూ మానలేదు.

"ఈ పూట మత్తు తగ్గించి, రెండు గంటలు ఆగి చూద్దాం," అన్నాడు డాక్టరు.

కండక్టరు కళ్లు తెరుచుకున్నాయి. రెండు గంటలకు ఆగడమేమిటి? రెండు గంటలకు బండి ఆపేవాడు ఈయన ఏ డిపో మనిషి?

ఆ తర్వాత మత్తు తగ్గింది. మెషిన్ సాయం తగ్గింది. ఊపిరి అతనే లాక్కుంటున్నాడు. బాగానే ఉందనిపించింది. అంతలో పంపు మోగింది. టింగ్, టింగ్. బండి కదిలింది. మెట్టు మీద ఎవరో ఉన్నారు. చెయ్యి లాగాడు, కాళ్లు తన్నాడు, గొట్టం మీద పళ్లు బిగించాడు. నలుగురు వచ్చి పట్టుకున్నారు. భార్యను బయటికి పంపేశారు. ఆమె వెళుతూ వెనక్కి తిరిగి, "ఒక్కసారి అరవండి, చాలు. ఏమీ అనను," అంది. ఆ మాట అతనికి వినపడింది. తర్వాత మత్తు కమ్మింది.

*

మళ్లీ మెలకువ వచ్చేసరికి మంచం పక్క స్టూలు మీద డ్రైవరు కూర్చుని ఉన్నాడు. మూతికి మాస్కు, ఒంటికి ఆస్పత్రి వాళ్లిచ్చిన గౌను. గౌను పొట్ట దగ్గర చాలక, దారాలు వేలాడుతున్నాయి.

"ఏం బావా, ఏసీ బండి ఎక్కావంట. మాటమాత్రం చెప్పలేదే. సీటు కూడా కాదు, ఏకంగా బెర్తే పట్టేశావు."

వాళ్లిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఒకే బండి మీద పనిచేసి బావా బావా అనుకోవడం అలవాటైంది. ఒకడు ముందుకే చూస్తాడు, ఒకడు వెనకంతా చూస్తాడు. డ్యూటీలో ఒకరి మొహం ఒకరికి కనపడేది తక్కువ. కండక్టరుకు బాగా తెలిసింది డ్రైవరు వీపు.

"ఒక్కరినే రానిస్తారంట. చెల్లెమ్మ తన వంతు నాకిచ్చింది. నన్ను చూస్తే ఆయనకు ఇంకా దిగులు, నువ్వెళ్లి నాలుగు తిట్లు తిట్టిరా అన్నయ్యా అంది." డ్రైవరు స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "నీ బదులు ఇంకొకణ్ణి వేశారులే. మంచివాడే. కానీ వాడు గంట కొడితే దోమ వాలినట్టుంటుంది. కొట్టావా లేదా అని ప్రతి స్టాపులో వెనక్కి తిరిగి అడుగుతున్నాను. మెడ పట్టేసింది. నువ్వు లేచొస్తే మర్దనా నీ ఖర్చే."

కండక్టరు కళ్లతో నవ్వబోయాడు. డ్రైవరు చూపు అప్పుడే కట్టేసిన చేతుల మీద పడింది. గౌను దారం వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నాడు.

టింగ్, టింగ్.

డ్రైవరు ఎడమ భుజం కిందికి దిగింది. ఎడమ చెయ్యి ముందుకు సాగి, స్టూలు పక్కన గాల్లో గుప్పిట బిగించి, ముందుకు తోసింది. కాలు కింద నేలను నొక్కింది.

కండక్టరు ఆ భుజం వైపే చూశాడు. ఇన్నాళ్లూ వెనక నుంచి చూసిన భుజమే అది. రెండు గంటలు కొట్టినప్పుడల్లా అలాగే దిగేది. అంటే గంట తనకొక్కడికే వినపడటం లేదు. బావకూ వినపడింది.

డ్రైవరు తన చేతివంక తానే చూసుకున్నాడు. "ఎవడ్రా అది?" అన్నాడు. "ఎవడు కొట్టాడు?"

మంచం మీద పట్టీ బిగిసింది. కండక్టరు కుడి మణికట్టు పైకి లేవాలని లాగుతోంది. చూపుడువేలూ నడిమివేలూ కొక్కెంలా వంగి ఉన్నాయి.

నర్సు గబగబా వచ్చింది. "బాబాయ్, చెయ్యి..."

"తాడు, సిస్టర్," అన్నాడు డ్రైవరు. స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "గొట్టం కోసం కాదు. తాడు కోసం. ఆ వేళ్లు చూడండి. గొట్టం పట్టుకునేవాడు అలా పడతాడా? గంట తాడు అలా పడతారు."

"ఏం తాడండీ?"

"మా పాత బండ్లలో పైన తాడుంటుంది. ఒకసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే పొమ్మని. మీ పెట్టె రెండు కొడుతోంది కదా. నేనే గేరు వేసేశాను ఇక్కడ కూర్చుని. వీడికెలా ఉంటుంది?"

నర్సు నవ్వలేదు. పంపు మోత ఆపి, కండక్టరు మొహంలోకి వంగింది. "ఇది మోగితే బండి కదిలినట్టుంటోందా బాబాయ్?"

అతను తల కొద్దిగా ఆడించాడు.

"ఎక్కేవాళ్లు ఎక్కకముందే?"

ఆ ప్రశ్న డ్రైవరు చెప్పింది కాదు, ఆమె సొంతంగా అడిగింది. కండక్టరు కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. ఆమె తడిగుడ్డతో ముందు అవి తుడిచింది. తర్వాత పంపును అతనికి కనపడేలా తిప్పింది.

"ఇదీ మోగేది. సిరంజి అయిపోతోందని పిలుస్తుంది. పిలిచేది బండిని కాదు, నన్ను. ఇకనుంచి అయిపోకముందే మార్చేస్తాను, మోత కూడా తగ్గిస్తాను. ఎప్పుడైనా మోగితే మోగినట్టు. నేను ఇక్కడే ఉంటాను." కుడిచేతి పట్టీ విప్పింది. అతని చెయ్యి తీసి కమ్మీ మీద పెట్టింది. "తాడు లేదు, ఇది ఉంది. వేలి కణుపుతో కొట్టండి. ఒకటంటే ఆపమని, రెండంటే కానిమ్మని. సరేనా? ఇప్పుడు మిమ్మల్ని పక్కకు తిప్పాలి. తిప్పనా?"

అతను ఒకసారి కొట్టాడు.

నర్సు చేతులు వెనక్కి తీసుకుంది. "ఆపేశాను."

ఆమె ఊరికే నిలబడింది. డ్రైవరు ఊరికే నిలబడ్డాడు. కండక్టరుకు తిప్పడం మీద అభ్యంతరం ఏమీ లేదు. కొడితే ఆగుతుందా లేదా అన్నదే చూశాడు. ఆగింది. ఛాతీ మీంచి ఎవరో లేచి వెళ్లినట్టయింది. ఊపిరి ఒకటి నిదానంగా లోపలికి వెళ్లి, బయటికి వచ్చింది.

అప్పుడు రెండుసార్లు కొట్టాడు.

"రైట్," అన్నాడు డ్రైవరు, మాస్కు లోపలే.

*

మర్నాడు కిటికీ తెర పక్కకు లాగి ఉంది. ఎండ మంచం కాళ్ల దాకా వచ్చింది. నర్సు అతని కళ్లజోడు తెచ్చి పెట్టింది. గోడ గడియారం ముళ్లు రెండేసిగా కాకుండా ఒక్కోటిగా కనపడ్డాయి. డాక్టరు వచ్చి, నర్సు చెప్పిందంతా విని, కమ్మీ వంక చూశాడు.

"బాగుంది. ఇంకోసారి చూద్దాం. మెషిన్ సాయం తగ్గిస్తాం. మీరే ఊపిరి తీసుకోవాలి. రెండు గంటలు."

కండక్టరు కమ్మీ మీద రెండు కొట్టాడు.

డాక్టరుకు వెంటనే తట్టలేదు. నర్సుకు అర్థమై నవ్వొచ్చింది. "సరే అంటున్నారు సార్."

ఈసారి భార్యను లోపలే ఉండనిచ్చారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. మొదట్లో తేలికగానే ఉంది. తర్వాత ఎత్తు రోడ్డు మీద నిండు బండి ఎక్కుతున్నట్టుంది. అతను తన రూటు తలుచుకున్నాడు. ఒక్కో ఊపిరికి ఒక్కో స్టాపు. డిపో. సిమెంటు కొట్టు. పెద్ద బడి. వంతెన ఇవతల. వంతెన అవతల. పాల కేంద్రం. ఆస్పత్రి. రోజూ ఆ స్టాపులో, "ఆస్పత్రి దిగేవాళ్లు రావాలి," అని అరిచేవాడు. పళ్లసంచులతో దిగేవాళ్లను, మందుచీటీలతో ఎక్కేవాళ్లను చూసేవాడు. తాను అక్కడ దిగుతానని ఏనాడూ అనుకోలేదు. రూటు చివరిదాకా వెళ్లి, మళ్లీ డిపో నుంచి మొదలుపెట్టాడు.

మూడో ట్రిప్పు సగంలో, పక్క మంచం దగ్గర పంపు మోగింది.

టింగ్, టింగ్.

అతని చెయ్యి పైకి లేచింది. కట్లు లేవు కాబట్టి లేవాల్సినంతా లేచింది. వేళ్లు వంగాయి. గొట్టం వాటికి బెత్తెడు దూరంలో ఉంది. భార్య సగం లేచింది. నర్సు ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. అతని చెయ్యి పట్టుకుందామని నర్సుకూ ఉంది. పట్టుకోలేదు.

మంచం కదులుతోంది. మెట్టు మీద ఒక కాలు ఉంది. కండక్టరు తాడు కోసం చూశాడు. పైన దీపం ఉంది, తాడు లేదు. చెయ్యి కిందికి దించి, కమ్మీ మీద వేలి కణుపుతో ఒకసారి కొట్టాడు.

నర్సు రెండడుగుల్లో పక్క మంచం దగ్గరికి వెళ్లి మీట నొక్కింది. "ఆగింది బాబాయ్," అని అక్కడినుంచే చెప్పింది. "అందరూ లోపలే ఉన్నారు."

బండి ఆగింది. అతను పాల కేంద్రం దగ్గర వదిలేసిన చోటు నుంచి మళ్లీ ఊపిరి లెక్క అందుకున్నాడు.

డాక్టరు తిరిగి వచ్చి అంకెలు చూశాడు, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు, దగ్గమన్నాడు. "రెండు గంటలు అయ్యాయి. బాగా చేశారు. గొట్టం తీసేస్తున్నాను. తీసేయనా?"

అందరూ అతని చేతి వంక చూశారు. అతను కొట్టలేదు. దిండు మీంచి తల కాస్త ఎత్తి, అటు చూశాడు, ఇటు చూశాడు. మెషిన్ దగ్గర నర్సు ఉంది. తలవైపు డాక్టరు ఉన్నాడు. భార్య లేచి మంచాన్ని ఆనుకుని నిలబడి ఉంది. మంచం చక్రాల మీద అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీ మీద ఆమె ఒక కాలు పెట్టింది. రెండోది నేల మీద ఉంది. అతని చూపు ఆ కాలి మీద ఆగింది.

"ఏమైందండీ?" అంది ఆమె. "భయమా?"

"అమ్మా, కాలు తీయండి," అంది నర్సు. "ఒక కాలు పైన, ఒక కాలు కింద ఉంటే ఆయన గంట కొట్టరు."

ఆమె కాలు కిందికి దించి, రెండు పాదాలూ నేల మీద పక్కపక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి చూపించింది. కండక్టరు తల దిండు మీద వాల్చాడు. కమ్మీ మీద రెండు కొట్టాడు.

గొట్టం కదలకుండా మూతికి అంటించిన పట్టీలు ఊడదీశారు. దగ్గమన్నారు. గొంతులోంచి ఏదో సాగి సాగి బయటికి వచ్చింది. కళ్లు బైర్లు కమ్మాయి. దగ్గు తెరలు తెరలుగా వచ్చి, చివరికి తగ్గింది. నర్సు ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ మాస్కు పెట్టింది. డాక్టరు ఒక పక్క, నర్సు ఒక పక్క, పక్క మంచం నర్సు కాళ్ల దగ్గర, భార్య తలమీదికి వంగి. అందరూ మొహంలో మొహం పెట్టి చూస్తున్నారు.

"ఏదైనా ఒక మాట అనండి," అన్నాడు డాక్టరు. "ఏదైనా సరే."

కండక్టరు పెదవులు కదిపాడు. మొదటిసారి గాలి మాత్రమే వచ్చింది. భార్య మొహం చూశాడు. ఊపిరి ఇంకోటి తీసుకున్నాడు. చెక్క మీద ఉప్పుకాగితం రుద్దినట్టు, గొంతు పలికింది.

"కాస్త... లోపలికి... జరగండి."

నర్సు పగలబడి నవ్వింది. డాక్టరు నిజంగానే ఒకడుగు వెనక్కి వేశాడు. భార్య జరగలేదు. కళ్లనీళ్లు తుడుచుకోకుండా, చెవి అతని మాస్కు దగ్గర పెట్టింది.

"వెనక సీటుకు వినపడలేదండీ," అంది. "ఇంకోసారి."